ఆపగలిగే చెయ్యి

మొన్న మా వీధి మలుపులో డెలివరీ కుర్రాడొకడు రాంగ్ రూట్‌లో వచ్చి నా బండికి అడ్డం పడ్డాడు. "ప్రాణాలంటే లెక్కలేదా?" అని అరిచాను. ఫోన్‌లో తరిగిపోతున్న నిమిషాలు చూపించి వెళ్ళిపోయాడు.

నిర్లక్ష్యం అనేది మన నోటికి తేలిగ్గా వచ్చే మాట. కానీ నిర్లక్ష్యం చేశాడనాలంటే, ముందు లక్ష్యపెట్టే వీలు అతనికి ఉండాలి కదా?

పని ఒత్తిడి ఎక్కువై, దాన్ని ఎలా చేయాలో తేల్చుకునే స్వేచ్ఛ తక్కువైనచోట మనిషి ఎక్కువ నలుగుతాడని 1979లో రాబర్ట్ కరాసెక్ రాశాడు. ఆయన మాట్లాడింది మానసిక ఒత్తిడి గురించి. భద్రత సంగతీ అంతే అనిపిస్తుంది నాకు. బొగ్గుగనిలో పైకప్పుని కర్రతో తట్టి చప్పుడు వింటారు. ఖంగుమంటే గట్టిది. బోలుగా పలికితే పక్కకి జరగాలి. ప్రమాదం కనబడితే మనుషుల్ని అక్కణ్ణించి తప్పించాల్సింది మైనింగ్ సర్దార్. వినే చెవి, పని ఆపే నోరు ఒకే మనిషివి. అలాంటిచోట రూలు పైనుంచి పడ్డ నస కాదు, తన పనితనంలో భాగం. మరి టన్నుల లెక్క అడిగే ఫోన్ మోగుతూనే ఉంటే? కర్ర అదే, చప్పుడూ అదే. వినబడేది మారిపోతుంది. ఇక గోడ మీది "భద్రతే ముందు" బోర్డు అతనికి వెక్కిరింతలా కనిపిస్తే తప్పెలా పట్టగలం?

అధికారం చేతికొస్తే చాలని కాదు. సొంత షాపున్న వడ్రంగి కూడా రంపానికి గార్డ్ పీకేసి కోస్తాడు. (అతనికీ అద్దె గడువు ఉంటుందనుకోండి.) కానీ అతన్ని నిలదీయొచ్చు.

డెలివరీ కుర్రాణ్ణి ఏమని నిలదీయను? ఆ రాత్రే పాల ప్యాకెట్ ఆర్డర్ పెట్టి, మ్యాప్‌లో కదిలే బండి బొమ్మని చూస్తూ కూర్చున్నాను. సిగ్నల్ దగ్గర అది ఆగితే విసుక్కున్నాను కూడా.