కుంట ఆయనది, వరద మాది

మా గూడేనికి ఎగువన ఒక రైతు తన పట్టా భూమిలో ఒర్రెకు అడ్డంగా మట్టి కట్ట పోసుకున్నాడు. అంతకుముందు పెద్ద వాన పడితే ఒర్రె పొంగి ఇండ్లలోకి వచ్చేది. ఇప్పుడు నీరు కుంటలో ఆగి, మత్తడి మీదుగా నిదానంగా దిగుతోంది. మాకు మేలే. అయినా ముసురు పట్టిన రాత్రి దిగువ ఇండ్లవాళ్లు నిద్రపోరు.

ఎందుకంటే నిండిన కుంట వరదను ఆపలేదు, ఖాళీ కుంటే ఆపుతుంది. రైతుకు నాట్లకు నీళ్లు కావాలి, తూము మూసి నింపుకుంటాడు. మాకు కుంటలో జాగా కావాలి. మత్తడి చాలక నీరు కట్ట మీదుగా పొర్లిందా, మట్టి కోసుకుపోతుంది. 2024 జూలై 18న అశ్వారావుపేట మండలంలో పెద్దవాగు ప్రాజెక్టు మట్టి కట్ట అట్లాగే తెగింది. అది సర్కారుది, అడగడానికి ఒక ఆఫీసు ఉంది. ఇక్కడ ఉన్నది ఒక్క రైతు. ఆయన తప్పు లేకుండానే కట్ట తెగితే, నష్టం ఆయన భరించాలా?

ఇంగ్లండ్‌లో రైలాండ్స్ అనే మిల్లు యజమాని కట్టించిన చెరువు నీళ్లు పాత బాయిల గుండా ఫ్లెచర్ అనే ఆయన బొగ్గు గనిలోకి దిగాయి. గనిలోకి నీళ్లు రావడమంటే ఏమిటో మనకు తెలుసు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో 17 మంది కార్మికులను పోగొట్టుకున్నాం. రైలాండ్స్ స్వయంగా అజాగ్రత్తగా లేకున్నా, ముప్పు తేగలదాన్ని తన భూమిలో నిలవ చేసినందుకు నష్టం కట్టాల్సిందేనని 1868లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. ఆరేండ్లకు, 1874లో, మన కార్వేటినగరం జమీందారు చెరువులు తెగి రైలు వంతెనలు కొట్టుకుపోయిన కేసులో ప్రీవీ కౌన్సిల్ వేరే మాట అన్నది. ఈ దేశంలో చెరువులు జనం బతుకుకు ఆధారం, వాటిని నిలబెట్టడం జమీందారు విధి, అజాగ్రత్త లేకుంటే పరిహారం లేదు అని.

రెండోదే మన నేలకు తగిన తీర్పు అనుకుంటాను. కానీ అక్కడ నష్టపోయింది రైల్వే కంపెనీ, మళ్లీ వంతెన కట్టుకోగలదు. మా దిగువన ఉన్నవి మట్టి గోడలు. తప్పు లేదని తేలినా, కూలిన ఇంటి ముందు నుంచి తల తిప్పుకొని పోగలమా?

జాగ్రత్త అంటే ఎలుక బొరియలు పూడ్చడం, కట్ట మీద చెట్లు మొలవనీయకపోవడం, మత్తడికి అడ్డం పడిన కంప తీయడం. ఇంకొకటి, పెద్ద వానకు ముందే తూము తీయడం. తీశాక వాన మొహం చాటేస్తే ఆయన నారు ఎండుతుంది. మన నిద్ర కోసం ఆయన వదులుకున్న నీళ్లకు మనం ఏమిస్తాం? ఈ మాట గూడెంలో ఎవరూ ఎత్తరు. జీతం తీసుకునే నేను కూడా చాలా ఏండ్లు ఎత్తలేదు.

పోయిన మృగశిరకు ముందు, ఇంటికో మనిషి కట్టకు మట్టి మోయడానికి రమ్మని అడిగాను. ఆరుగురం పోయాం. రైతు కూడా గంప పట్టాడు. తూము సంగతి ఇంకా తేలలేదు.