యయాతి తీసుకున్న అప్పు, మనం కట్టే ఈఎంఐ

 

ఈ వారం వీడియోలో యయాతి మహారాజు కథ చెప్పుకున్నాం కదా. టైమ్ చాలక అందులో వదిలేసిన మాట ఒకటుంది, దాన్ని ఇక్కడ రాస్తున్నా. అది షాపింగ్ గురించి. "భక్తి ఛానెల్లో షాపింగ్ ఏంది?" అనుకోకుండా చివరిదాకా చదవండి.

మాది కడప నుంచి మైదుకూరు పోయే దారిలో, పెన్న ఒడ్డున ఉండే చెన్నూరు. మా వైపు పెళ్లి కుదిరితే బంగారానికి ప్రొద్దుటూరు పోవాల్సిందే. ఇంట్లో లెక్క వేసుకుని, డబ్బు చేతిలో పెట్టుకుని, మంచిరోజు చూసుకుని నలుగురూ కలిసి బయలుదేరేవాళ్లు. తెచ్చింది ముందు దేవుడి దగ్గర పెట్టి, తర్వాతే ఒంటి మీద వేసుకునేవాళ్లు. కొనడం పాపమని మన ధర్మం ఎక్కడా చెప్పలేదు. నాలుగు పురుషార్థాల్లో అర్థం, కామం రెండూ ఉన్నాయి. కాకపోతే వాటికి ముందు ధర్మం అనే కట్ట ఉంది. కట్ట తెగిన చెరువు ఊరినే ముంచుతుంది.

ఆ కట్ట తెగిన ఇల్లు ఒకటి నాకు తెలుసు. వాళ్లెవరో చెప్పను. ఆ అక్క రాత్రి పిల్లలు పడుకున్నాక ఫోన్ తీస్తుంది. ఆర్డర్ పెట్టిన క్షణం మనసు తేలికవుతుంది. పార్సిల్ వచ్చేసరికి దాని మీద ఇష్టం పోయి ఉంటుంది. బావకు తెలియకూడదని పార్సిళ్లు పక్కింట్లో ఇప్పించుకుంటుంది. బీరువా నిండా విప్పని ప్యాకెట్లే. చివరికి కూతురి కోసం దాచిన గొలుసు కుదువకు పోయింది. "వద్దనుకుంటానే ఉన్నా తమ్ముడూ, చెయ్యి ఆగడంలేదు" అని ఏడ్చింది.

"చెయ్యి ఆగడంలేదు." ఈ మాటను తేలిగ్గా తీసుకోకండి. ఎక్కువ ఖర్చు పెట్టేవాళ్లందరికీ జబ్బు ఉన్నట్టు కాదు. కానీ దిగులు పోగొట్టుకోవడానికి కొనడం, కొన్నది దాచడం, అప్పులు పెరుగుతున్నా ఆపలేకపోవడం, ఈ మూడూ కలిస్తే అది జల్సా కాదు. నూరేళ్ల కిందటే జర్మనీ మానసిక వైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ దీని గురించి ఓనియోమేనియా అనే పేరుతో రాశాడు. 2013లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల గ్రంథం డీఎస్ఎం-5 జూదాన్ని వ్యసనాల వరుసలో చేర్చింది గానీ, షాపింగ్‌ను విడి జబ్బుగా చేర్చలేదు. పేరు మీద చర్చ ఎట్లున్నా, ఆ ఇంట్లో కన్నీళ్లు మాత్రం నిజం.

భగవద్గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు ఒక గొలుసు చెబుతాడు. విషయాన్నే తలుచుకుంటూ ఉంటే దాని మీద సంగం పుడుతుంది. సంగం నుంచి కోరిక, కోరిక నుంచి కోపం, కోపం నుంచి మోహం వస్తాయి. ఆ తర్వాత జ్ఞాపకం, బుద్ధి పోయి మనిషే చెడిపోతాడు. గొలుసు మొదలయ్యేది కొనడంతో కాదు, తలుచుకోవడంతో. చూస్తూ కూర్చోవడంతో.

నేను సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నాను కాబట్టి ఇది ఇంకా బాగా కనబడుతుంది. "రెండే మిగిలాయి" అనే హెచ్చరిక, తగ్గిపోతూ ఉండే గడియారం, ముందే దాచిపెట్టిన కార్డు నంబరు, ఇవన్నీ మన ఆలోచనకు సందు ఇవ్వకుండా చేసేవే. ఇందులో మోసపు పద్ధతులను డార్క్ ప్యాటర్న్స్ అంటారు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇట్లాంటివి 13 రకాలు గుర్తించి నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. లేని తొందర పుట్టించడం, అడగని వస్తువును బుట్టలో చేర్చడం అందులో ఉన్నాయి. అంటే ఆ అక్క పోరాడుతున్నది తన మనసు ఒక్కదానితోనే కాదు.

ఇప్పుడు యయాతి దగ్గరికి వద్దాం. శుక్రాచార్యుల శాపంతో ముసలితనం వచ్చింది, కోరిక మాత్రం తీరలేదు. కొడుకులను యవ్వనం అడిగాడు. పెద్దవాళ్లు కాదన్నారు, చిన్నవాడు పూరుడు ఇచ్చాడు. వెయ్యేళ్లు భోగాలు అనుభవించాక యయాతికి తెలిసొచ్చింది: నెయ్యి పోస్తే నిప్పు ఆరదు, ఇంకా మండుతుంది.

అందరూ ఇక్కడ ఆగుతారు. నాకు మాత్రం పూరుడే గుర్తొస్తాడు. తండ్రి కోరికకు ఖరీదు కట్టింది కొడుకు. ఈఎంఐ కూడా అంతే కదా! ఇవాళ్టి మన కోరికకు పిల్లల రేపటిని తాకట్టు పెట్టడం. కూతురి గొలుసు కుదువకు పోవడమంటే అదే. అయితే యయాతి ఒక గొప్ప పని చేశాడు. తెలిసొచ్చాక సాకులు చెప్పలేదు, కొడుకు యవ్వనం కొడుక్కి తిరిగి ఇచ్చాడు. వెయ్యేళ్లు దారి తప్పినవాడే వెనక్కి రాగలిగితే, మనమూ రాగలం.

ఎట్లా? మనసు చంచలమే, అయినా అభ్యాసంతో, వైరాగ్యంతో వశమవుతుందని గీత ఆరో అధ్యాయం ధైర్యం చెబుతుంది. అభ్యాసం చిన్నగానే మొదలుపెట్టండి. ఫోన్లో దాచిన కార్డు తీసేయండి. ఆఫర్ల నోటిఫికేషన్లు ఆపేయండి. కావాలనిపించింది కాగితం మీద రాసి దేవుడి గూట్లో పెట్టి, మర్నాడు దీపం వెలిగించాక మళ్లీ చదవండి. చాలావాటి మీద ఆశ అప్పటికే తగ్గి ఉంటుంది. అక్షయ తృతీయ నాడు చేసిన దానం తరగదని పెద్దలు చెప్పారు, మనం కొనడమే గుర్తుపెట్టుకున్నాం. ఈసారి ఆ రోజు ఒకటి ఇవ్వండి.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. తిట్టొద్దు, నలుగురిలో పరువు తీయొద్దు. సిగ్గు పెరిగితే దాచడం పెరుగుతుంది. పక్కన కూర్చుని అప్పుల లెక్క కలిసి రాయండి. పూజ చేస్తున్నాం కదా అని డాక్టరు దగ్గరికి పోకుండా ఉండొద్దు. వైద్యుడిలో ఉన్నదీ నారాయణుడే. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు.

చాలు అనే మాట నోటికి రావడమే లక్ష్మీ కటాక్షం. ఆ వేంకటేశ్వరస్వామి అది మనందరికీ ఇవ్వాలని కోరుకుంటూ, శుభం.