జత గాజులు

మన భాషలో 'పంచుకోవడం' అనే మాట ఉంది చూశారూ, అది చాలా గడుసుది. అన్నదమ్ములు పొలం పంచుకున్నారంటాం. స్నేహితురాళ్ళిద్దరూ కష్టసుఖాలు పంచుకున్నారంటాం. మాట ఒక్కటే. కానీ మొదటిదాంట్లో పొలం మధ్యన గట్టు పడుతుంది. రెండోదాంట్లో ఉన్న గట్టు కాస్తా తెగిపోతుంది. ఇన్నేళ్ళుగా రెండిటికీ ఈ ఒక్క మాటే వాడుతున్నా, ఆ తేడా నాకు తట్టింది మాత్రం మొన్ననే. అదీ వంటింట్లో, మా మనవరాలు కెమిస్ట్రీ పాఠం అప్పచెబుతుంటే!

అది ఇంటర్మీడియెట్ చదువుతోంది. పరీక్షలు దగ్గర పడితే దానికి పైకి చదవడం అలవాటు, వినేవాళ్ళు ఒకరుండాలి. "అమ్మమ్మా, నాకు వచ్చిందో లేదో చూడు" అంటూ పుస్తకం మూసి మొదలుపెట్టింది. నేను చారు పెడుతున్నాను. ఒకప్పుడు నేనూ ఆ పాఠాలు చదివినదాన్నే. అయితే మార్కుల కోసం చదివిన చదువు కదా, పెళ్ళినాటి పట్టుచీరలా మడతపెట్టి అడుగున పడేశాను.

పరమాణువు చుట్టూ ఎలక్ట్రాన్లు వరసలు వరసలుగా ఉంటాయట. చివరి వరస నిండితే దానికి నిశ్చింత. హీలియం, నియాన్ లాంటివి పుట్టుకతోనే నిండినవి, వాటికి ఎవరితోనూ పని పడదు. మిగిలినవాటికి వెలితి. ఆ వెలితి తీర్చుకోవడానికే ఈ బంధాలన్నీ.

వెలితి తీరే దారుల్లో ఒకటి మన ఉప్పుడబ్బాలోనే ఉంది. సోడియం చివరి వరసలో ఒకే ఒక్క ఎలక్ట్రాను. క్లోరిన్‌కి తక్కువైంది కూడా ఒక్కటే. సోడియం తనది ఇచ్చేస్తుంది, క్లోరిన్ పుచ్చుకుంటుంది. ఇచ్చినదానికి ధనావేశం, పుచ్చుకున్నదానికి రుణావేశం. ఆ రెండూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని కూర్చుంటే ఉప్పు. ఇచ్చినవాళ్ళది ధనం, పుచ్చుకున్నవాళ్ళది రుణం! శాస్త్రం రాసినవాళ్ళు ఆ ఉద్దేశంతో పెట్టిన పేర్లు కావు గానీ, ఎంత బాగా కుదిరాయో చూడండి.

రెండో దారి హైడ్రోజన్‌ది. రెండు పరమాణువులు. ఒక్కోదాని దగ్గర ఒక్కో ఎలక్ట్రాను. రెండిటికీ రెండేసి కావాలి. ఒకటి ఇచ్చేస్తే ఇచ్చినది ఖాళీ అయిపోతుంది. అందుకని రెండూ తమ తమ ఎలక్ట్రాన్లు తెచ్చి మధ్యన పెడతాయి. ఆ జత రెండిటిదీ. అమెరికా రసాయన శాస్త్రవేత్త గిల్బర్ట్ లూయిస్ 1916లో ఈ జత సంగతి లోకానికి చెప్పాడట.

"దీనికీ రెండు, దానికీ రెండు" అంది మనవరాలు.

"అదెలాగే? ఇద్దరికీ రెండేసి అంటే నాలుగు కావద్దూ? ఉన్నవి రెండేగా?"

"కోసి పంచడం కాదమ్మమ్మా. కలిపి ఉంచుకోవడం. అప్పుడు ఇద్దరికీ మొత్తం ఉన్నట్టే."

గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నాకు మా అమ్మ గాజులు గుర్తొచ్చాయి.

ఏడేళ్ళ కిందట అమ్మ పోయింది. సంవత్సరీకాలయ్యాక నేనూ మా చెల్లెలూ అమ్మ పెట్టె తీసుకుని కూర్చున్నాం. చీరలు పంచుకున్నాం, గిన్నెలు పంచుకున్నాం. చివరికి ఒక జత బంగారు గాజులు మిగిలాయి. "చెరొకటి తీసుకుందామా అక్కయ్యా?" అంది చెల్లెలు. ఒంటి గాజు ఎవరు వేసుకుంటారు? కరిగించి రెండు భాగాలు చేయడానికి ఇద్దరికీ మనసొప్పలేదు. "జతని జతగానే ఉంచుదాం. ఎవరింట్లో శుభకార్యమైతే వాళ్ళు వేసుకుందాం" అన్నాను నేను. చుట్టాలందరూ మెచ్చుకున్నారు. నిజం చెప్పొద్దూ, నన్ను నేనూ మెచ్చుకున్నాను. మొన్న ఆ పాఠం వింటుంటే ఆ మెప్పు మళ్ళీ ఒకసారి కలిగింది. మేమిద్దరం అచ్చు హైడ్రోజన్ పరమాణువులమే కదా అనుకున్నాను.

మా మనవరాలు అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది!

"అయితే అన్నీ సమానంగా పంచుకోవు" అంటూ తరవాతి పేజీకి వెళ్ళింది. జతని తన వైపు లాక్కునే గుణం ఒక్కో మూలకానికి ఒక్కోలా ఉంటుందట. 1932లో లైనస్ పాలింగ్ అనే శాస్త్రవేత్త ఆ లాగుడుకి అంకెలు కట్టాడు. ఆ పట్టికలో అందరికంటే పైన ఉన్నది ఫ్లోరిన్, దానికి ఇంచుమించు 4. ఆక్సిజన్‌కి 3.44. హైడ్రోజన్‌కి 2.20. నీటిలో ఈ ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసే కాపురం చేస్తాయి.

"పేరుకి జత ఇద్దరిదీ అమ్మమ్మా. ఉండడం మాత్రం ఎక్కువగా ఆక్సిజన్ వైపే."

నేను మాట్లాడలేదు. ఎందుకంటే గాజులు ఎక్కడున్నాయో నాకు తెలుసు. హైదరాబాదులో, నా బీరువాలో. ఏడేళ్ళలో అవి తెనాలి వెళ్ళింది రెండేసార్లు. మాకు శుభకార్యాలు ఎక్కువ, మాకు బ్యాంకులో లాకరుంది, ప్రయాణంలో బంగారం పెట్టుకు తిరగడం మంచిది కాదు. ఇలా కారణాలకేం, బోలెడు. చెల్లెలు అడగలేదు. అమ్మని చివరి మూడేళ్ళూ మంచంమీద కనిపెట్టుకుని ఉన్నది మాత్రం అదే.

మనసు ఊరికే ఓడిపోదు కదా. ఆ రాత్రి మనవరాలి పుస్తకం తీసుకుని మిగతా పాఠం నేనే చదివాను. అక్కడ నాకు మంచి ఆసరా దొరికింది. నీటిలో ఆ లాగుడు అసమానంగా ఉండబట్టే నీటి అణువుకి ఒక కొస రుణం, మరో కొస ధనం వైపు మొగ్గుతాయి. అందుకే నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడతాయి. అందుకే నీరు కాగడానికి 100 డిగ్రీలు కావాలి. అదే ఆక్సిజన్ స్థానంలో గంధకం ఉంటే, లాగుడు బాగా తక్కువ. కుళ్ళిన గుడ్డు వాసన వేసే ఆ వాయువు, నీటికంటే దాదాపు రెట్టింపు బరువైనా, సున్నాకి 60 డిగ్రీల దిగువనే మరిగి ఆవిరైపోతుంది. ఉప్పు చారులో కరగడం కూడా నీటికున్న ఆ రెండు కొసల చలవే. అంటే ఒకరు ఎక్కువ లాక్కోబట్టే చెరువులూ, మేఘాలూ, మనమూ ఉన్నామన్నమాట!

హమ్మయ్య అనుకున్నాను. కానీ మరుక్షణం ఆ ఊరట నాకే వెగటనిపించింది. ఎక్కడో విన్న మాటలాగా ఉంది. 'లాగేవాళ్ళు లాగుతూ ఉంటారు, సర్దుకునేవాళ్ళు సర్దుకుపోతూ ఉండాలి, అప్పుడే సంసారం సాఫీగా సాగుతుంది.' మనలో ఈ మాట వినకుండా పెరిగిన ఆడపిల్ల ఎవరైనా ఉన్నారా? మనకి ఎవరో చెబితే మండిపోయే మాటనే, చెల్లెలి విషయం వచ్చేసరికి నేను శాస్త్రం దగ్గర అరువు తెచ్చుకుంటున్నాను.

అయినా ప్రకృతి ఆ మాట అనలేదు. పోపుగిన్నెలో నూనె చూడండి. దాంట్లో కర్బనానికి 2.55, హైడ్రోజన్‌కి 2.20. లాగుడు ఇంచుమించు సమానం. దానికి కొసలు లేవు కాబట్టే నీటితో కలవదు. అయితే నూనె ధర్మపరురాలనీ, నీరు పాపాత్మురాలనీ అంటామా? ఆక్సిజన్ కేంద్రకంలో ఎనిమిది ప్రోటాన్లున్నాయి, జతని అవి లాగుతాయి. ఈసారికి కాస్త పట్టు సడలిద్దామని అనుకోవడం దానికి చేతకాదు. నాకు చేతనవును. మంచీ చెడూ మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

హైడ్రోజన్ ఫిర్యాదు చెయ్యలేదంటే దానికి నోరు లేదు. మా చెల్లెలికి నోరుంది, మెదపలేదు. నోరు లేకపోవడానికీ, నోరు మెదపకపోవడానికీ ఎంత తేడా! అదే పుస్తకంలో ఇంకో ముక్క ఉంది. బంధం ఏర్పడేటప్పుడు శక్తి బయటికి వస్తుంది, తెంచాలంటే శక్తి ఖర్చు పెట్టాలి. ఒక్క మాట అడిగి, ఆ మాట ఎక్కడ తెగేదాకా పోతుందోనని అది జంకిందేమో. ఆ మౌనాన్ని నేను ఇష్టం కింద జమకట్టుకున్నాను.

మర్నాడు ఫోను చేశాను. "గాజులు ఇకనించీ నీ దగ్గరే ఉంచుకో, నాకు కావలసినప్పుడు నేను అడుగుతాను" అన్నాను.

"ఇప్పుడెందుకక్కయ్యా? ఇక్కడ నాకు లాకరు కూడా లేదు" అని నవ్వింది. తరవాత కాసేపు అటునించి మాట లేదు. "వేసుకుని పెళ్ళిళ్ళకి వెళ్ళాలని కాదు గానీ... ఇంట్లో ఉన్నప్పుడు ఒక నాలుగు రోజులు వేసుకుని ఉండాలనుంది. అమ్మకి అన్నం తినిపిస్తుంటే అవి నా చేతికి తగిలేవి" అంది.

శుభకార్యానికే వేసుకోవాలని నియమం పెట్టింది నేనే! దాని కోరిక ఆ నియమంలో ఎక్కడా ఇమడదు. ఏడేళ్ళూ అది అడగకపోవడానికి సగం కారణం నేను రాసిన ఆ లెక్కే.

ఆదివారం నాడు తెనాలి వెళుతున్నాను. సగంసగం రోజులు లెక్కగట్టి తిప్పుకుందామని చెప్పబోవడం లేదు, అది మళ్ళీ పొలం గట్టే అవుతుంది. కానీ నాలుగు రోజులకోసారైనా, ఈ జత ఎటు ఒరుగుతోందో నేనే చూసుకోవాలి. లాగేవాళ్ళకి తమ లాగుడు తెలియదు. అవతలివాళ్ళు చెప్పరు.

మీ ఇంట్లో కూడా 'అది మా ఇద్దరిదీ' అనుకునే వస్తువేదో ఉండే ఉంటుంది. ఒకసారి లేచి చూడండి, అది ఎవరి బీరువాలో ఉందో.