ఈ కొత్త పరిశోధన మన గ్రంథంలో ముందే ఉందా?

ఆ మధ్య ఒక జుమా నమాజు తర్వాత, ఫార్మసీ చదువుతున్న ఒక కుర్రాడు మా దగ్గరికి వచ్చి ఫోనులో ఒక వీడియో చూపించాడు. 2025లో వైద్యశాస్త్రానికి నోబెల్ బహుమతి తెచ్చిన విషయం దివ్య ఖుర్ఆన్‌లో 1400 ఏళ్ల కిందటే ఉందని అందులో ఒకాయన ఆవేశంగా చెబుతున్నాడు.

"హజ్రత్! దీన్ని మా క్లాసు గ్రూపులో పెట్టాను. ఒకతను ఆ ఆయతు తెచ్చి, ఇందులో ఆ మాట ఎక్కడుందో చూపించమంటున్నాడు. నాకు అరబీ రాదు. మీరు చూపించండి" అన్నాడు.

మేము ఆ ఆయతు తీసి చూశాం. ఉర్దూ తఫ్సీర్లు కూడా తిరగేశాం. ఆ మాట అక్కడ లేదు. వీడియోలోని వ్యక్తి అనువాదం చేస్తూ రెండు పదాలు తన సొంతంగా కలిపాడు, అంతే.

లేదని చెప్పడానికి మాకు వెంటనే నోరు రాలేదు. ఆ పిల్లవాడి ముఖంలో ఉన్న ఆశ ఒక కారణం. రెండో కారణం మా పాత తప్పు. బయాన్ చేయడం మొదలుపెట్టిన కొత్తలో, నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద అజాన్ విని ఇస్లాం స్వీకరించాడని మేమూ మింబర్ మీద నుంచి చెప్పాం. జమాత్ అంతా సుబ్హానల్లాహ్ అంది. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ మాటను ఖండించాడనీ, అమెరికా విదేశాంగ శాఖ 1983లోనే ముస్లిం దేశాల్లోని తన కార్యాలయాలకు ఆ ఖండనను తెలియజేసిందనీ మాకు చాలాకాలం తర్వాత తెలిసింది. ఆనాడు విన్నవారిలో కొందరు ఊళ్లు మారిపోయారు, కొందరు అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. వారికి ఆ మాటను ఇప్పుడు ఎలా దిద్దగలం?

కనుక అసలు ప్రశ్న సైన్సుది కాదు. ధర్మానికి గౌరవం పెరుగుతుందంటే, ఆధారం లేని మాటను చెప్పవచ్చా? మనం చెప్పకపోయినా, ఎవరో చెబుతుంటే విని సంతోషిస్తూ ఊరుకోవచ్చా?

దీనికి జవాబు దైవప్రవక్త (స) జీవితంలోనే ఉంది. హిజ్రీ 10వ సంవత్సరంలో ఆయన కుమారుడు హజ్రత్ ఇబ్రాహీం (రజి) పాలు తాగే వయసులోనే మరణించారు. ఆ రోజే సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్త గారి బిడ్డ చనిపోయినందుకే సూర్యుడు చీకటయ్యాడని మదీనా ప్రజలు చెప్పుకున్నారు. ఒక్కసారి ఆ సందర్భాన్ని ఊహించండి. ఆ మాట పుట్టించినది శత్రువులు కాదు, ప్రేమించేవారు. దానివల్ల ఎవరికీ నష్టం లేదు, పైగా విశ్వాసం పెరుగుతుంది. ఆ తండ్రి దుఃఖంలో ఉన్నారు. ఆయన ఏమీ అనకుండా ఉంటే చాలు, ఆ మాట నేటి వరకూ ఒక మహిమగా నిలిచిపోయేది. కానీ ఆయన గ్రహణ నమాజు చేయించి, లేచి నిలబడి, సూర్యచంద్రులు అల్లాహ్ నిదర్శనాలనీ, ఎవరి చావుపుట్టుకల వల్లా వాటికి గ్రహణం పట్టదనీ ప్రజలకు స్పష్టం చేశారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఈ హదీసు ఉంది. తన ఇంటికి వచ్చిన ఒక అబద్ధపు గౌరవాన్ని ఆయన తన చేతులతోనే తిరగ్గొట్టారు. ఆ ప్రవక్త (స) పేరు మీదనే మనం ఇలాంటి వీడియోలు పంచుకుంటున్నాం!

ఇక పరిశోధనల సంగతి. ఆ నోబెల్ బహుమతి దేనికి వచ్చిందో మాకు ఆ కుర్రాడే వివరించాడు. మసీదు మెట్ల మీద కూర్చుని ఒక కాగితం వెనుక బొమ్మ గీసి చూపించాడు. మన శరీరంలో రోగాలతో పోరాడే కణాలు ఒక్కోసారి దారితప్పి సొంత శరీరం మీదనే దాడిచేస్తాయట. అలా జరగకుండా వాటికి కళ్లెం వేసే కణాలు వేరే ఉన్నాయని జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకాగుచి 1995లో చూపించాడు. ఒక జబ్బు జాతి ఎలుకల్లో చెడిపోయిన జన్యువు ఏదో 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్‌స్డెల్ కనిపెట్టారు. మగపిల్లలకు వచ్చే ఒక ప్రాణాంతక వ్యాధికి కూడా అదే జన్యువు కారణమని తేలింది. ఆ జన్యువే కళ్లెం వేసే కణాలను నడిపిస్తుందని 2003లో సకాగుచి ఈ రెండింటినీ కలిపాడు.

అయితే దీనికి వెనుక ఒక కథ ఉంది. ఇలాంటి కణాలు ఉన్నాయని 1970లలోనే కొందరు శాస్త్రవేత్తలు గట్టిగా నమ్మారు. 1980లలో ఆ ఆధారాలు నిలబడలేదు, ఆ మాట ఎత్తితేనే తోటివారు నవ్వే పరిస్థితి వచ్చింది. మళ్లీ సకాగుచి వేరే దారిలో వెళ్లి, వేరే ఆధారాలతో నిరూపించాడు. ఇప్పుడు చెప్పండి. 1975లో ఒక వక్త ఒక ఆయతును ఈ సిద్ధాంతానికి ముడిపెట్టి ఉంటే, 1985లో ఆయన ఏం చేసేవాడు? ఆయతును వెనక్కి తీసుకునేవాడా?

భౌతికశాస్త్రంలోనూ ఇంతే. అజ్జారియాత్ సూరా 47వ ఆయతును చూపి, విశ్వం వ్యాకోచిస్తోందనే సంగతి ఇక్కడ ఉందని చాలామంది అంటారు. పూర్వపు వ్యాఖ్యాతలు ఆ పదానికి ఆకాశపు వైశాల్యమనీ, అల్లాహ్ శక్తిసంపన్నత అనీ అర్థం చెప్పారు. విశ్వవ్యాకోచాన్ని ఎడ్విన్ హబుల్ 1929లో కొలతలతో చూపాడు. ఆ వ్యాకోచం అంతకంతకూ వేగం పుంజుకుంటోందని 1998లో తేలింది, దానికి 2011లో నోబెల్ వచ్చింది. ఆ వేగాన్ని పెంచే శక్తి కాలంతోపాటు మారుతోందేమో అనే సూచనలు 2024, 2025లలో అరిజోనాలోని ఒక పెద్ద టెలిస్కోపు పరిశీలనల్లో కనిపించాయి. ఇంకా ఖాయం కాలేదు. శాస్త్రానికి ఇది లోపం కాదు, దాని పద్ధతే అది. నిన్నటి మాటను ఈనాడు దిద్దుకుంటుంది. అల్లాహ్ వాక్కు అలాంటిది కాదు కదా! ఆకాశాన్ని చూసి సృష్టికర్తను తలచుకోమంటే తలచుకుందాం. ఫలానా సిద్ధాంతానికి ఇది రుజువు అనడం మాత్రం మన హద్దు దాటడమే.

ఇది మా సొంత అభిప్రాయం కాదు. హిజ్రీ 8వ శతాబ్దంలో అందలూస్ పండితుడు ఇమామ్ షాతిబీ (రహ్మ) సకల శాస్త్రాలనూ ఖుర్ఆన్‌లో వెతికేవారిని తప్పుపట్టారు. మన ఉర్దూలోనే మౌలానా అష్రఫ్ అలీ థానవీ (రహ్మ) ఆధునిక సందేహాలపై రాసిన పుస్తకంలో ఈ పొరపాటును ఎత్తిచూపారు.

అలాగని పరిశోధనలతో మనకు పనిలేదని ఎవరైనా అనుకుంటే అది ఇంకా పెద్ద తప్పు. ఇమామ్ గజాలీ (రహ్మ) 'ఇహ్యా'లో ఒక ఫిర్యాదు చేశారు. చాలా ఊళ్లలో ముస్లిం వైద్యుడే లేడు, అయినా అందరూ ఫిఖ్హ్ వాదనల మీదే ఎగబడుతున్నారని. వైద్యం ఫర్జె కిఫాయా. ఎవరో ఒకరు చేయకపోతే ఊరంతా దోషి. ఆయన ఆ మాట రాసి 900 ఏళ్లు దాటింది. మా మదరసాలో మేము ఆ పేజీ పరీక్ష కోసం చదివి ముందుకు వెళ్లిపోయాం.

2025లో రసాయనశాస్త్రంలో బహుమతి పొందిన ముగ్గురిలో ఒమర్ యాఘీ ఒకరు. 1965లో అమ్మాన్‌లో, పాలస్తీనా శరణార్థి కుటుంబంలో పుట్టాడు. తల్లికి చదువు రాదు. ఒకే గదిలో పిల్లలు, పక్కనే పశువులు. కుళాయి నీళ్లు రోజూ వచ్చేవి కావు. ఆ పిల్లవాడు పెద్దయ్యాక, కంటికి కనిపించనంత సన్నని రంధ్రాలతో నిండిన పదార్థాలు తయారుచేశాడు. కొద్ది గ్రాముల్లోనే ఒక ఫుట్‌బాల్ మైదానమంత ఉపరితలం ఉంటుందట. అలాంటి ఒక పదార్థం ఎడారిలో రాత్రిపూట గాలిలోని తేమను పీల్చుకుని, పొద్దున ఎండ తగలగానే నీటిగా వదిలింది. నీటికి ఎదురుచూసిన ఇంటి బిడ్డ గాలిలోంచి నీళ్లు తీశాడు. (పేరు అరబీ పేరు కనుక బహుమతి మనదే అనుకునేవారు ఉంటారు. అదీ ఆ వీడియో లాంటిదే. శ్రమ ఆయనది.)

కొందరు పెద్దలు మాతో అంటారు, "మౌలానా, ఈ వీడియోలైనా లేకపోతే కుర్రాళ్లు దీన్‌కు దూరమైపోతారు" అని. వారి బాధ మాకు అర్థమవుతుంది. మేమూ ఆ భయంతోనే ఆనాడు అజాన్ కథ చెప్పాం. కానీ క్లాసులో ఎవరో అడిగిన ఒక్క ప్రశ్నకు ఈ కుర్రాడు మూడు రోజులు నిద్రపోలేదు. వీడియో తప్పని తేలితే ఖుర్ఆనే తప్పేమో అనే చోటికి వెళ్లింది అతని మనసు. అతన్ని అక్కడికి తీసుకెళ్లింది ఆ ప్రశ్న అడిగినవాడు కాదు.

గ్రహణం హదీసు విన్నాక అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "గ్రూపులో ఏం రాయమంటారు హజ్రత్?" అన్నాడు.

"నేను పెట్టినది తప్పు, ఆ ఆయతులో ఆ మాట లేదు అని రాయి" అన్నాం.

"మరి దీన్ని నాకు పంపింది మా నాన్న. ఆయన ఇంకా పది గ్రూపుల్లో పెట్టారు."

ఆయన నంబరు అడిగి తీసుకుని, అస్ర్ తర్వాత మేమే ఫోన్ చేశాం. మొదట మా ఆర్మ్‌స్ట్రాంగ్ సంగతి చెప్పాం, తర్వాత వీడియో సంగతి.