పొయ్యి ఎక్కని నైవేద్యం

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో పెరటాసి నెల శనివారాల్లో వెంకటేశ్వరస్వామికి తళిగ వేస్తారు. ఆకులో అన్నం, కూరలతో పాటు పచ్చిపిండి దీపం కూడా ఉంటుంది. నానిన బియ్యాన్ని చెమ్మ ఆరకముందే దంచి, జల్లించి, బెల్లం తురుము, యాలకుల పొడి కలిపి ముద్ద చేస్తారు. నడుమ బొటనవేలితో గుంట నొక్కి, నెయ్యి పోసి వత్తి వెలిగిస్తారు. దీపం కొండెక్కాక, నెయ్యి ఇంకి అంచు కాస్త కమిలిన ఆ పిండినే ప్రసాదంగా పంచుతారు. నాగులచవితి నాడు పుట్ట దగ్గర పెట్టే చిమ్మిలి, చలిమిడి, శ్రీరామనవమి వడపప్పు, పానకం కూడా ఈ కోవలోవే.

నిప్పు తగలనిది వండినదానికంటే పవిత్రమా? మడి పాటించే ఇళ్లలో ఉడికిన అన్నానికి అంటు ఎక్కువ, పచ్చివాటికి తక్కువ. గీత 9వ అధ్యాయంలో భగవంతుడు అడిగిన ఆకు, పువ్వు, పండు, నీరు నాలుగూ వండనివే. అయినా ఈ వాదం ఎంతోదూరం పోదు. తిరుమల లడ్డూ పోటులో, అంటే ఆలయ వంటశాలలో, నేతిలో వేగిన బూందీతోనే తయారవుతుంది. పచ్చిపిండిలో కలిసే బెల్లం కూడా చెరకురసాన్ని పెద్ద పెనంలో గంటల తరబడి కాచితే వచ్చినదే. ఇంట్లో పొయ్యి వెలిగించకపోయినా గానుగ దగ్గర అది మండే ఉంటుంది.

ఆహారం శుద్ధమైతే మనసు శుద్ధమవుతుందని ఛాందోగ్యోపనిషత్తు మాట. ఇక్కడ ఆహారమంటే ఇంద్రియాలు గ్రహించే విషయాలని శంకరులు చెప్పారు. రామానుజులు శ్రీభాష్యంలో పూర్వాచార్యుడైన వాక్యకారుని అనుసరించి తినే అన్నాన్నే లెక్కలోకి తీసుకున్నారు. దానికి దోషాలు మూడు: పదార్థపు స్వభావం వల్ల వచ్చేది, ఎవరి చేతి నుంచి వచ్చిందన్నదాన్ని బట్టి అంటేది, వెంట్రుక, ఎంగిలి వంటివి తగిలి కలిగేది. వండారా లేదా అన్నది ఈ మూడింటిలో ఎక్కడా లేదు.

ఖర్జూరం, వేయించిన వేరుశనగ, కోకో పొడి కలిపి చాక్లెట్ బార్ రుచి వచ్చేలా చుట్టే ఎనర్జీ బాల్స్‌ను కూడా ఈ కొలతతోనే చూడవచ్చు. వాటి దినుసుల్లో వెల్లుల్లి వంటి నిషిద్ధమేదీ లేదు. మొదటి చిక్కు చేసే తీరులో ఉంది. తీపి సరిపోయిందా అని చుట్టేవారు మధ్యలో చిటికెడు నోట్లో వేసుకుంటే ఆ ముద్ద ఎంగిలైనట్టే. పచ్చిపిండి కలిపేవారు ఉప్పూ తీపీ చూడరు, చేతి అంచనాతోనే కానిస్తారు.

రెండో చిక్కు నిల్వది. గీత 17వ అధ్యాయం యాతయామమైన ఆహారాన్ని తామసమంటుంది. సరిగా ఉడకనిదని శంకరులు, చాలాసేపు నిలవున్నదని రామానుజులు దానికి అర్థం చెప్పారు. ఉడికించే పనే లేని ఉండకు మొదటి అర్థం అడ్డురాదు. రెండోదాని ప్రకారం ఫ్రిజ్‌లో వారం ఉన్నది నైవేద్యానికి పనికిరాదు, చుట్టిన పూటే పెట్టాలి. నివేదన అయ్యాక మాత్రం ఈ పట్టింపు ఉండదు. కొండ నుంచి తెచ్చిన లడ్డూను చుట్టాలకు పది రోజుల తర్వాత కూడా కళ్లకద్దుకునే పంచుతారు.