సిలువ గుర్తు లేని బొంతలు

చర్చిలో ప్రార్థన చేసి మరీ కుట్టే ఆ బొంతల మీద సిలువ గుర్తు ఉండకూడదు. జాతీయ జెండా బొమ్మ గానీ, సైనికుల దుస్తుల రంగు గుడ్డ గానీ వాడకూడదు. లూథరన్ వరల్డ్ రిలీఫ్ కోసం బొంతలు కుట్టే అమెరికా సంఘాల స్త్రీలు పాటించే నియమమిది. ఆ బొంత ఏ దేశం వెళ్తుందో, ఏ మతం వారి మీద పరుచుకుంటుందో కుట్టేవాళ్లకు తెలియదు. తీసుకునేవారికి చలి తీరాలే తప్ప మనసు నొచ్చుకోకూడదు. ఇంత సున్నితమైన ప్రేమను నేను అరుదుగా చూశాను.

రెండో ప్రపంచ యుద్ధంలో చితికిపోయిన ఐరోపాను ఆదుకోవడానికి 1945లో పుట్టిన సంస్థ అది. సిరియా యుద్ధంలో ఇళ్లు వదిలి వచ్చినవారికీ ఈ బొంతలు చేరాయి. శిబిరంలో ఆ ఒక్క బొంతే పక్క అవుతుంది, గుడారంలో అడ్డుతెర అవుతుంది, పసిబిడ్డకు పొత్తిగుడ్డ అవుతుంది.

మిన్నెసోటా, విస్కాన్సిన్ వంటి చలి రాష్ట్రాల చర్చి గదుల్లో ఈ పని జరుగుతుంటుంది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది పెద్దవయసు ఆడవాళ్లే. మన పల్లెల్లో పాత చీరలతో బొంత కుట్టినట్టే, పాత చొక్కాలు, కర్టెన్లు, మిగిలిన గుడ్డపీలికలు చదరంగా కత్తిరించి అతుకుతారు. అడుగున ఒక దుప్పటి, నడుమ దూదిపొర. మూడూ కదలకుండా అక్కడక్కడా గట్టి దారంతో ముడివేస్తారు. అయిదడుగుల వెడల్పు, ఆరడుగుల ఎనిమిది అంగుళాల పొడవు వచ్చేలా కుడతారు. మిషను తొక్కలేని ఆమె ఇస్త్రీ చేస్తుంది. చూపు ఆనని ఆమె ముక్కలు దొంతిపెడుతుంది. ఏ పనీ చేతకాని మనిషంటూ ఆ కుట్టుబల్ల దగ్గర ఉండదు.

సహవాసం గురించి మనం ప్రసంగాల్లో చాలా వింటాం. ఆ బల్ల దగ్గర అది చేతల్లో కనిపిస్తుంది. భర్తను పోగొట్టుకున్న స్త్రీని “ఎలా ఉన్నావమ్మా” అని పలకరించేవారు నెల రోజులు వస్తారు. ఆ తర్వాత ఆమెకు కావలసింది, పక్కన కూర్చోబెట్టుకుని “ఈ కొస కాస్త పట్టుకో అక్కా” అనే మనిషి. చేతులు పనిలో ఉన్నప్పుడు ఎదుటివారి కళ్లలోకి చూడనక్కర్లేదు. తల వంచుకునే మనసులో మాట చెప్పుకోవచ్చు, కన్నీరు వస్తే రానివ్వవచ్చు. వినేవాళ్లు కూడా ముడి వేస్తూనే వింటారు. ఓదార్చాలన్న తొందర ఎవరికీ ఉండదు.

అపొస్తలుల కార్యములలో యొప్పే ఊరి దొర్కా ఇలాంటి బల్ల దగ్గరి మనిషే అనిపిస్తుంది. ఆమె పలికిన మాట ఒక్కటీ గ్రంథంలో లేదు. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ పేతురుకు చూపించినవి ఆమె కుట్టిన అంగీలు, వస్త్రాలు. ఆమె తమతో కూడ ఉన్నప్పుడు కుట్టినవని లూకా రాశాడు. తమతో కూడ ఉండటం, కుట్టడం ఆమెకు వేర్వేరు పనులు కావు.

కుట్టడం పూర్తయిన బొంతల్ని ఒక ఆదివారం చర్చి బల్లలన్నిటి మీదా పరుస్తారు. ఆ రంగుల మధ్యే సంఘం కూర్చుని ఆశీర్వాద ప్రార్థన చేస్తుంది. తర్వాత మూటలు కట్టి లారీకి ఎక్కిస్తారు. అక్కడితో కుట్టినవారికి వాటితో సంబంధం తీరిపోతుంది. ధర్మం రహస్యంగా చేయమని కొండమీద యేసు చెప్పిన మాటను అక్షరాలా పాటించడమంటే ఇదే.

ఆ తెలియని చేతుల మేలు తెలుగునేల కూడా పొందింది. 1883లో డాక్టర్ అన్నా సారా కుగ్లర్‌ను గుంటూరుకు పంపింది అమెరికా లూథరన్ స్త్రీల సమాజమే. అక్కడ ఆమె పెట్టిన ఆసుపత్రికి కానుకలు కూడబెట్టిన ఆ తల్లుల్లో చాలామంది గుంటూరును కళ్లతో చూడలేదు. వాళ్ల పేర్లు మనకు తెలియవు. ఆ ఆసుపత్రిలో పుట్టినవారి పిల్లలు, మనవలు మాత్రం ఇవాళ మన వీధుల్లోనే ఉన్నారు.