గనిబొగ్గు వర్తకము అంగారకర్మ యగునా?

శ్రావకుడు విడువవలసిన పదునైదు వృత్తులను హేమచంద్రాచార్యులు యోగశాస్త్రమున పేర్కొనిరి. వానిలో మొదటిది అంగారకర్మ. కట్టెలు కాల్చి బొగ్గుచేసి అమ్ముట, కొలిమి బట్టీలపై బ్రదుకుట. నేలను త్రవ్వి బ్రదుకు స్ఫోటకర్మయు అందు కలదు. గనిబొగ్గు అమ్మువాడు ఏ పద్దులోనికి వచ్చును? అందలి చెట్టు ఎన్నడో చచ్చినది గదా, ఇక దోషమెక్కడ అని కొందరి వాదము. ఆ చెట్టు కథ తెలిసినగాని ఇది తేలదు.

బెంగుళూరు లాల్‌బాగులో కెంపేగౌడ గోపురమున్న రాతిగుట్ట సుమారు 300 కోట్ల ఏండ్లనాటిది. అప్పటికి భూమిపై చెట్టే లేదు. అట్టి రాతిలో బొగ్గు వెదకుట వృథా. అయినను ఈ నగరపు దీపములకు బొగ్గుతో బంధుత్వము లేకపోలేదు. 1985లో మొదలైన రాయచూరు విద్యుత్కేంద్రమునకు గోదావరి లోయలోని సింగరేణి బొగ్గు వచ్చుచున్నది.

ఇల్లందు ప్రాంతమున 1871లో డాక్టర్ విలియం కింగ్ కనుగొన్న ఆ బొగ్గు 25 కోట్ల ఏండ్లకు పైబడినది. నాడు అచట నాలుకవంటి ఆకులుగల గ్లాసోప్టెరిస్ చెట్లుండెను. నేలపై రాలిన ఆకు కుళ్ళి గాలిలో కలియును. చిత్తడినీట రాలినది ప్రాణవాయువు చాలక సగమే కుళ్ళి నిలిచిపోయెను. ఎండనుండి చెట్టు కూడబెట్టిన మొత్తము ఖర్చుగాక మిగిలినదన్నమాట. వర్తకులకు ఇంతకంటె వివరింపనేల? అట్టి మెత్తని పొర ఏడాదికి ఇంచుమించు ఒక మిల్లీమీటరు పెరుగును. పిమ్మట లోయ క్రుంగగా ఏరులు ఇసుకను, బురదను తెచ్చి కప్పెను. బరువుకు నీరు పిండబడి, లోవేడికి వాయువులు వెడలి, కర్బనము చిక్కనయ్యెను. ఒక మీటరు బొగ్గుకు ఆ మెత్తని పొర అనేక మీటర్లు కావలెను. నైవేలీ లిగ్నైటు ఈ దారిలో నడిమి మజిలీ.

కావున ఈ చెట్టును చంపిన దోషము వర్తకునికి లేదు. కట్టెబొగ్గువాడు ప్రాణమున్న చెట్టును నరికించును. ఇది తనంత తాను పడినది. భద్రావతి ఇనుప కర్మాగారము 1923లో పని మొదలిడినపుడు చుట్టుప్రక్కల అడవుల కట్టెబొగ్గునే వాడెను. ఆ పోలికలో గనిబొగ్గే మేలనిపించును.

కాని వాదమును ఇచటనే ఆపుట అమ్ముకొనువానికి అనుకూలమేగాని న్యాయము కాదు. కుమ్మరి ఆవము, ఇటుకబట్టీ కూడ అంగారకర్మలోనే చేరినవి; అచట ఎంచబడినది చెట్టు మాత్రమే కాదు, అగ్ని. తేజస్కాయ జీవులు బొగ్గు వయస్సు నడుగవు. త్రవ్వకమున పృథ్వీకాయ జీవులకు కలుగు హింస సరేసరి. పైగా అడవి నేలలో ఉపరితల గని తెరువవలెనన్న పైనున్న చెట్లను ముందు తీసివేయుదురు. చచ్చిన అడవికై బ్రదికిన అడవి! అది వనకర్మ. ఒక్క బస్తా బొగ్గు మూడు పద్దులలో పడుచున్నది.

ఇక చేయుట, చేయించుట, ఆమోదించుట అను మూడింటిని లెక్కించు ధర్మమున, బొగ్గు నెన్నడును తాకక ఆ దీపము క్రింద జమాఖర్చు వ్రాసుకొను బట్టల వర్తకుడు ఈ మూడింట ఏది చేయుచున్నాడనునది మిగిలిన ప్రశ్న.